ఇండిపెండెంట్ ఎమ్మెస్పీకి చెప్పుకుంటే పనవుతుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. స్కాట్లాండ్‌లో మీరుండే చిన్న ఊళ్లో ఉన్న ఒక్క డాక్టర్ ప్రాక్టీసూ కాంట్రాక్టు వదిలేసింది. మీ ప్రాంతంలో ప్రభుత్వ వైద్యం చూసే హెల్త్ బోర్డు మిమ్మల్నందరినీ ఆరు మైళ్ల అవతల ఉన్న ఇంకో సర్జరీకి (ఇక్కడ డాక్టరు క్లినిక్‌ని అలా అంటారు) పంపాలని చూస్తోంది. మీ నియోజకవర్గం ఎమ్మెస్పీ, అంటే స్కాటిష్ పార్లమెంటు సభ్యుడు, గెలిచినప్పుడు ఒక పార్టీలో ఉండేవారు, ఇప్పుడు ఇండిపెండెంట్. "వెనకాల పార్టీ లేని మనిషి మాట గవర్నమెంటు వింటుందా, లేక పార్టీ వాళ్లనే పట్టుకోవాలా" అన్నది మీ అనుమానం. చివర్లో మీ ఆవిడ వీసా లేటవుతున్న సంగతి కూడా ఒక ముక్క రాశారు.

ముందు ఆ వీసా సంగతి తేల్చేద్దాం. దాన్ని ఎమ్మెస్పీ దగ్గరికి తీసుకెళ్లకండి. ఇమ్మిగ్రేషన్ లండన్ చేతిలో ఉన్న విషయం, అది మీ ఎంపీకి చెప్పాలి. ఆస్పత్రులు, స్కూళ్లు, పోలీసు, ఇళ్లు, కౌన్సిళ్లకిచ్చే డబ్బు, ఇవి ఎడిన్‌బరా చేతిలో ఉన్నవి. మనవాళ్లు చాలామంది రెండూ కలిపి ఒకే మెయిల్‌లో రాస్తారు. అప్పుడు ఆఫీసులో చదివే కుర్రాడు సగం మెయిల్ ఇంకోచోటికి పంపి, మిగతా సగం మీద దృష్టి పెట్టలేక వదిలేస్తాడు. రెండు మెయిళ్లు రాయండి.

మాది తెనాలి. 2005లో ఎడిన్‌బరా వచ్చాను. ఆరేళ్లు మా పేట కమ్యూనిటీ కౌన్సిల్‌లో పనిచేశాను. జీతం లేని పని. నెలకోసారి చర్చి హాల్లో చల్లటి కుర్చీల్లో కూర్చుని వీధిదీపాల గురించీ చెత్తడబ్బాల గురించీ మాట్లాడుకోవడమే. ఆ ఆరేళ్లలో ఎమ్మెస్పీల చేత ప్రశ్నలు వేయించడం కాస్త నేర్చుకున్నాను. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, ఆయన దగ్గరికి వెళ్లండి. కానీ మీ తరఫున ప్రభుత్వాన్ని గడగడలాడిస్తారని మాత్రం వెళ్లకండి. ఒక కాగితం సంపాదించి పెడతారని వెళ్లండి. మంత్రి పేరుతో, తేదీతో, నంబర్‌తో పార్లమెంటు వెబ్‌సైట్‌లో శాశ్వతంగా ఉండిపోయే రాతపూర్వక జవాబు. ఆ కాగితం రాబట్టే విషయంలో వెనక అరవై మంది ఉన్న సభ్యుడికీ, ఒంటరి సభ్యుడికీ తేడా లేదు.

మన దగ్గర అసెంబ్లీలో నక్షత్రం గుర్తున్న ప్రశ్న, లేని ప్రశ్న అని ఉంటాయి కదా. గుర్తున్నదానికి మంత్రి సభలో లేచి జవాబు చెప్పాలి, దాని మీద అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. లేనిదానికి జవాబు కాగితం మీద వస్తుంది. హోలీరూడ్‌లోనూ, అంటే స్కాటిష్ పార్లమెంటులోనూ, దాదాపు అలాగే. సభలో అడిగే ప్రశ్నలకు పేర్లు లాటరీలో తీస్తారు. గురువారం మధ్యాహ్నం ఫస్ట్ మినిస్టర్‌ని, అంటే మన ముఖ్యమంత్రి లాంటివారిని, అడిగేవాటిని మాత్రం ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే మన స్పీకర్ లాంటివారు, ఎంపిక చేస్తారు. అక్కడ పెద్ద పార్టీల నాయకులకు వారం వారం అవకాశం వస్తుంది, ఇండిపెండెంట్ ఎదురుచూడాలి. టీవీలో కనిపించేది ఈ గురువారం తంతే కాబట్టి, అక్కడ కనపడనివాడు ఏమీ చేయడం లేదని మనం అనుకుంటాం. రాతపూర్వక ప్రశ్నకు లాటరీ లేదు, ఎవరి దయా అక్కర్లేదు. వేస్తే మామూలుగా పది పనిదినాల్లో జవాబు రావాలి. సెలవుల్లో వేస్తే ఇరవై.

ఇండిపెండెంట్ల సంగతి వచ్చింది కాబట్టి ఇక్కడి పాతవాళ్ల గురించి కొంచెం చెప్తాను. చెప్పకపోతే మీకు లెక్క అర్థం కాదు.

డెనిస్ కానవాన్ 1974 నుంచి లేబర్ ఎంపీ. 1999లో స్కాటిష్ పార్లమెంటు మొదటి ఎన్నికలకు సొంత పార్టీ ఆయన్ని అభ్యర్థిగా పనికిరావన్నట్టు పక్కన పెట్టింది. ఆయన ఫాల్కర్క్ వెస్ట్‌లో ఇండిపెండెంట్‌గా నిలబడి, ఆ ఎన్నికల్లో స్కాట్లాండ్ మొత్తం మీద అతి పెద్ద మెజారిటీతో గెలిచాడు. సెయింట్ ఆండ్రూస్ డే సెలవు చట్టం 2007లో వచ్చింది ఆయన బిల్లు వల్లే. మీ ఆఫీసులో నవంబర్ 30న "బ్యాంక్ హాలిడే అంట, మనకెందుకు లేదు" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. కారణం ఏమిటంటే, సెలవు ఇచ్చి తీరాలని ఆ చట్టం యజమానులకు చెప్పదు. ఒంటరి సభ్యుడు చట్టం తేగలడు. దాన్ని నెగ్గించుకునే దారిలో ఎంత పలచబడుతుందో కూడా అందులోనే కనిపిస్తుంది.

మార్గో మెక్‌డోనల్డ్ కథ ఇంకా బాగుంటుంది. 1999లో ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) తరఫున వచ్చి, 2003, 2007, 2011 మూడుసార్లూ లోథియన్ ప్రాంతం లిస్టులో, అంటే నియోజకవర్గం సీటు కాకుండా ప్రాంతం మొత్తానికి కలిపి ఇచ్చే సీట్లలో, ఇండిపెండెంట్‌గా గెలిచింది. పార్లమెంటు భవనం ఖర్చు మీద మొదటినుంచీ వదలకుండా అడిగినవాళ్లలో ఆమె ఒకరు. మొదట్లో 10 నుంచి 40 మిలియన్ పౌండ్ల మధ్య అన్నారు. 2004లో తలుపులు తెరిచేసరికి బిల్లు 414 మిలియన్లు. ఆ లెక్క జనం నోళ్లలో ఇప్పటికీ నానుతోందంటే, ఏడాది ఏడాదికీ అంకె ఎంత పెరిగిందో అడిగి రాబట్టినవాళ్లు సభలో ఉండబట్టే.

2009 జనవరి 28న నేను ఇంట్లో టీవీ ముందు ఉన్నాను. బడ్జెట్ మీద ఓటింగు. అప్పుడు ఎస్‌ఎన్‌పీకి 47 సీట్లే. కన్జర్వేటివ్‌లు 16 మంది తోడయ్యారు. మార్గో ఒక్కతే ఇంకో ఓటు. ఎడిన్‌బరా రాజధాని కాబట్టి దానికి అదనంగా డబ్బివ్వాలన్నది ఆమె ఎప్పటినుంచో పట్టుకున్న పట్టు. ఆమె ఓటుతో లెక్క 64. అటుపక్క లేబర్ 46, లిబరల్ డెమొక్రాట్లు 16, గ్రీన్స్ ఇద్దరు. వాళ్లదీ 64. సమానం కావడంతో ప్రిసైడింగ్ ఆఫీసర్ అలెక్స్ ఫెర్గూసన్ సంప్రదాయం ప్రకారం ఉన్నది ఉన్నట్టుంచే వైపు ఓటేశారు, బడ్జెట్ పడిపోయింది. సరిగ్గా వారానికి అదే బడ్జెట్ కాస్త మార్పులతో 123–2తో పాసైంది. అంత టెన్షన్ చూశాక, "ఇండిపెండెంట్ అంటే ఎంత విలువో" అని మా ఫ్రెండ్స్ అంతా అన్నారు.

నేనూ అనుకున్నాను. కానీ 2011లో ఎస్‌ఎన్‌పీ 69 సీట్లతో వచ్చేసరికి మార్గో ఓటు ధర ఒక్క రాత్రిలో పడిపోయింది. మనిషి అదే, గొంతు అదే. ఓటు విలువ అవతలివాళ్ల బలాబలాలను బట్టి మారుతుంది. ప్రశ్న విలువ మారదు. 2008లో ఆమె వేసిన రాతపూర్వక ప్రశ్నకు ఎన్ని రోజుల్లో జవాబు రావాలో, 2012లో వేసినదానికీ అన్ని రోజుల్లోనే రావాలి. మీ ఎమ్మెస్పీ దగ్గరికి వెళ్లేముందు మీరు చూడాల్సింది ఇదే. ప్రభుత్వానికి ఆయన ఓటు అవసరమైన రోజులా, కాదా? అవసరమైతే బేరం పెట్టమనండి. కాకపోతే ప్రశ్నలు వేయించండి.

(మార్గో 2014 ఏప్రిల్‌లో చనిపోయింది. లిస్టు సభ్యులు పోతే అదే పార్టీ లిస్టులో తర్వాతి పేరు వస్తుంది. ఆమెకు పార్టీ లేదు, తర్వాతి పేరూ లేదు. 2016 ఎన్నికల దాకా ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. 129 మంది సభ 128తో నడిచింది.)

మీ విషయానికి దగ్గరగా ఉండేది జీన్ టర్నర్ కథ. ఆవిడ డాక్టర్. గ్లాస్గోలో స్టోబ్‌హిల్ ఆస్పత్రి సేవలు తీసేయకూడదని 2003లో నిలబడి 438 ఓట్లతో గెలిచింది. నాలుగేళ్లు ఆస్పత్రుల మీద అడుగుతూనే ఉంది. 2007లో ఓడిపోయింది. కొత్తగా వచ్చిన ప్రభుత్వం మాంక్‌లాండ్స్, ఎయిర్ ఆస్పత్రుల్లో ఎమర్జెన్సీ మూసివేతలు రద్దు చేసింది కానీ, స్టోబ్‌హిల్ క్యాజువాల్టీని కాపాడలేదు. ఉత్తర ఐర్లాండ్‌లో ఓమా ఊరి డాక్టర్ కీరన్ డీనీ కూడా అదే ఏడాది అలాగే ఆస్పత్రి కోసం గెలిచాడు. అక్కడా పెద్ద ఆస్పత్రి చివరికి ఎనిస్కిలెన్‌కే పోయింది. మిమ్మల్ని నిరుత్సాహపరచడానికి చెప్పడం లేదు. ఒకే సమస్య మీద గెలిచిన ఇండిపెండెంట్లకు కూడా ఆస్పత్రి నిర్ణయాలను తిప్పడం కష్టమైంది. మీ సర్జరీ ఉన్నచోటే ఉంటుందని ఎవరైనా మాటిస్తే నమ్మకండి.

ఇంకో విచిత్రం, అదే ఉత్తర ఐర్లాండ్ నుంచి. క్లేర్ సగ్డెన్ అనే ఇండిపెండెంట్ సభ్యురాలు 2016లో 29 ఏళ్ల వయసుకే న్యాయశాఖ మంత్రి అయింది. పెద్ద పార్టీలు రెండూ ఆ శాఖ ఒకరికొకరు వదులుకోలేక, బయటి మనిషికి ఒప్పుకున్నాయి. ఏడాది తిరక్కుండానే ఆ ప్రభుత్వం కూలింది, ఆవిడ మళ్లీ ప్రశ్నలు వేసే బెంచీకి వచ్చింది. జవాబులు రాసే ఆఫీసు లోపలినుంచి ఎలా ఉంటుందో తెలిసిన సభ్యులు దొరకడం అరుదు.

ఇక ప్రశ్న ఎలా తయారవుతుందో చెప్తాను. నాకు తెలిసిన అసలు పని ఇదే.

2017లో మా చిన్నవాడికి స్పీచ్ థెరపీ కావాలని నర్సరీవాళ్లు రాసిచ్చారు. ఏడాది దాటినా పిలుపు లేదు. ఫోన్ చేస్తే "వరసలో ఉన్నారు" అంటారు. ఇంట్లో తెలుగు మాట్లాడటం వల్లే ఇలా అయిందేమో అని ఒకరు ఉచిత సలహా కూడా ఇచ్చారు. ఆ మంటతో ఒక శనివారం పొద్దున లైబ్రరీలో మా ప్రాంతం ఎమ్మెస్పీ సర్జరీకి వెళ్లాను. ఈ సర్జరీ డాక్టరుది కాదు, ఎమ్మెస్పీలు జనాన్ని కలిసే ప్రజాదర్బారు లాంటిది. పిల్లల పుస్తకాల అరల పక్కన ఒక బల్ల, మూడు కుర్చీలు. (ఆ సభ్యుడు ఇండిపెండెంట్ కాదు. పేరూ పార్టీ ఇక్కడ అనవసరం, ప్రశ్న వేసే పద్ధతి అందరికీ ఒకటే.) నేను రాత్రంతా కూర్చుని రాసిన ప్రశ్న చేతిలో పెట్టాను. "ఈ పిల్లల భవిష్యత్తు పట్ల ఇంత నిర్లక్ష్యం ఎందుకు, దీనికి ప్రభుత్వం ఏం సమాధానం చెబుతుంది" అని ముగుస్తుంది. అసిస్టెంట్‌గా ఉన్న అమ్మాయి దాన్ని చదివి, పెన్ను తీసి, "నిర్లక్ష్యం" కొట్టేసింది. "భవిష్యత్తు" కొట్టేసింది. "ఎందుకు" కూడా కొట్టేసింది. నాకు కోపం వచ్చింది.

"ఎందుకు అని అడిగితే మూడు పేరాల ఉపన్యాసం వస్తుందండి. ఎన్ని, ఎప్పుడు, ఎవరు అని అడిగితే తప్పించుకోవడానికి కష్టపడాలి" అంది. మనవాళ్లెవరైనా చెబితే విననేమో, ఆ అమ్మాయి చెప్పిన తీరుకు విన్నాను.

చివరికి మిగిలింది ఒక్క వాక్యం. గత ఐదేళ్లలో, ఒక్కో హెల్త్ బోర్డులో, ఐదేళ్ల లోపు పిల్లలు స్పీచ్ థెరపీ మొదటి అపాయింట్‌మెంటుకు సగటున ఎన్ని వారాలు ఆగారు? ఎస్5డబ్ల్యూతో మొదలయ్యే నంబర్ పడింది. ఎస్5 అంటే ఐదో పార్లమెంటు, డబ్ల్యూ అంటే రాతపూర్వకం. పదో రోజు జవాబు వచ్చింది. ఆ సమాచారం కేంద్రంగా మా దగ్గర లేదు, బోర్డులనే అడగండి అని ఒక్క లైను.

నేను డీలా పడిపోయాను. ఆ అమ్మాయి మాత్రం సంతోషపడింది. "లేదని రాసిచ్చారు చూడండి" అంది. పిల్లలు ఎన్నాళ్లు ఆగుతున్నారో ప్రభుత్వానికే తెలియదని మంత్రి పేరుతో కాగితం వచ్చిందన్నమాట. వెంటనే రెండో ప్రశ్న. ఆ లెక్క సేకరించే ఉద్దేశం ఉందా, ఉంటే ఎప్పటినుంచి? దానికి బోర్డులతో అధికారులు మాట్లాడతారని జవాబు. ఆ రెండు జవాబులూ జతచేసి నేను బోర్డుకు సమాచార హక్కు కింద అర్జీ పెట్టాను. ఇక్కడి 2002 చట్టం ప్రకారం వాళ్లకు ఇరవై పనిదినాల గడువు. "మంత్రిగారు మిమ్మల్నే అడగమన్నారు" అని రాశాక కుదరదనడం వాళ్లకూ ఇబ్బందే. ఒక పట్టిక పంపారు. వారాల లెక్కతో పాటు, మా ఏరియాలో రెండు థెరపిస్ట్ పోస్టులు చాలాకాలంగా ఖాళీగా ఉన్నట్టు కింద చిన్న అక్షరాల్లో ఉంది. మేం అడగనిది అది. లోకల్ పేపర్‌వాళ్లు దాన్నే హెడ్డింగ్ పెట్టారు. ఒక పోస్టు నింపారు. రెండోది నేను కమ్యూనిటీ కౌన్సిల్ వదిలేసేదాకా నింపలేదు.

మా వాడికి అపాయింట్‌మెంటు ఆ ప్రశ్న వల్ల రాలేదు. మామూలుగా వరసలోనే వచ్చింది. ఇప్పుడు వాడు రెండు భాషల్లోనూ ఆపకుండా మాట్లాడతాడు, అది వేరే బాధ.

మీ ఊరి డాక్టరు సర్జరీ సంగతికి వద్దాం. మొదటి జవాబుగా మీకు వచ్చేది "ఇది హెల్త్ బోర్డు చూసుకోవాల్సిన విషయం" అన్న వాక్యమే, రాసి పెట్టుకోండి. స్కాట్లాండ్‌లో ప్రాంతాలవారీ బోర్డులు 14, మంత్రులకు అవి పద్నాలుగు గొడుగులు. కాబట్టి బోర్డు ఏం చేస్తోందని అడగకండి, మంత్రి ఏం చేశారని అడగండి. ఈ విషయం మీద బోర్డుతో మంత్రి గానీ, అధికారులు గానీ ఏ తేదీల్లో మాట్లాడారు? ఆ బోర్డు పరిధిలో ఏ సంవత్సరం ఎన్ని ప్రాక్టీసులు కాంట్రాక్టు వదిలేశాయి? వాటిలో ఎన్నింటిని బోర్డే స్వయంగా నడుపుతోంది? ఈ చివరిది ముఖ్యం, ఎందుకంటే డాక్టర్లు కాంట్రాక్టు వదిలేస్తే బోర్డే జీతాలిచ్చి ప్రాక్టీసు నడిపే పద్ధతి ఇక్కడ ఉంది. వేరే ఊళ్లో చేసినదాన్ని మీ ఊళ్లో ఎందుకు చేయరన్న మాట అక్కడినుంచి వస్తుంది.

ఇంకొకటి. ఆరోగ్య సేవల్లో "పెద్ద మార్పు" అని తేలితే దానికి మంత్రి ఆమోదం కావాలి, ఊళ్లోవాళ్ల అభిప్రాయాలు తీసుకునే తంతు కూడా పెద్దగానే జరగాలి. మీ విషయాన్ని మంత్రి పెద్ద మార్పుగా చూస్తున్నారా, లేకపోతే ఏ కారణంతో కాదంటున్నారు అని అడిగించండి. ఒక్క ప్రాక్టీసుకు బహుశా కాదనే అంటారు. అన్నా పర్వాలేదు, కారణం కాగితం మీదికి వస్తుంది. బోర్డు మీటింగుకు ఊళ్లోవాళ్లు వెళ్లేటప్పుడు చేతిలో పట్టుకెళ్లడానికి అది పనికొస్తుంది.

అన్నీ ఒకేసారి వేయించకండి. ఒక ప్రశ్న, దాని జవాబు చూసి ఇంకోటి. కొందరు సభ్యులు రోజుకు పాతికేసి ప్రశ్నలు గుమ్మరిస్తారు, వాటికి జవాబులు రాసే గుమాస్తాలకు కోపం రావడం తప్ప ఒరిగేదేమీ ఉండదని నా అభిప్రాయం.

పార్టీవాళ్ల దగ్గరికీ వెళ్లాలా అని అడిగారు. వెళ్లండి, తప్పేం లేదు. మీకు నియోజకవర్గం సభ్యుడు ఒకరు, ప్రాంతం లిస్టు సభ్యులు ఏడుగురు, మొత్తం ఎనిమిది మంది ఎమ్మెస్పీలు. ఇండిపెండెంట్‌తో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, ఆయనకు పార్టీ రీసెర్చ్ టీమ్ ఉండదు, కమిటీల్లో చోటు దొరకడం కష్టం. సొంతంగా బిల్లు పెట్టాలంటే ఇంకో 18 మంది సభ్యుల మద్దతు కూడగట్టుకోవాలి. సుఖం ఏమిటంటే, ఫలానా ప్రశ్న వేయొద్దని పైనుంచి ఫోన్ చేసేవాళ్లు లేరు. అధికార పార్టీ సభ్యుడు తన మంత్రిని ఇరుకున పెట్టే లెక్క అడగడానికి వెనకాడతాడు. ప్రతిపక్షం సభ్యుడు ఆనందంగా అడుగుతాడు కానీ, జవాబు రాగానే మీ ఊరి సంగతి మర్చిపోయి ప్రెస్‌నోట్ రాసుకుంటాడు. అందుకని లెక్క ఇండిపెండెంట్ చేత రాబట్టి, ఆ జవాబు మిగతా ఏడుగురికీ పంపడం నాకు నచ్చిన దారి. గుంటూరు జిల్లావాళ్లకు ఇది కొత్తేం కాదు. సత్తెనపల్లి నుంచి ఇండిపెండెంట్‌గా గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్యగారి సంగతి మా నాన్న కథలు కథలుగా చెప్పేవారు.

మీరు ఇంకా ఇండియన్ పాస్‌పోర్ట్ మీదే ఉన్నానని, మీ మాటకు విలువేముంటుందని రాశారు. ఇక్కడ చట్టబద్ధంగా ఉంటున్న భారతీయులకు స్కాటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు ఉంది. ఓటరు లిస్టులో పేరు లేకపోతే ఈ వారమే ఎక్కించుకోండి. మెయిల్ కింద ఇంటి అడ్రసు, పోస్ట్‌కోడ్ పూర్తిగా రాయండి. ఆఫీసువాళ్లు ముందు చూసేది మీరు వాళ్ల నియోజకవర్గంవాళ్లా కాదా అనే.

మెయిల్ పది లైన్లు దాటనివ్వకండి. మొదటి లైన్లో ప్రాక్టీసు పేరు, రెండో లైన్లో బోర్డు పంపిన ఉత్తరం తేదీ, తర్వాత మీరు అడిగించదలచిన ఒక్క ప్రశ్న. ఆ ఉత్తరం ఫొటో జతచేయండి. కారు లేని ముసలివాళ్లు అక్కడికి వెళ్లాలంటే బస్సు ఎన్నింటికి ఉందో, తిరుగు బస్సు ఎన్నింటికో ఒక్క లైన్లో రాయండి. ప్రశ్నలో అది రాదు కానీ, సభలో లేచి అనుబంధ ప్రశ్న వేసే అవకాశం ఆయనకు ఎప్పుడైనా లాటరీలో తగిలితే నోటికి వచ్చేది ఆ బస్సు టైమే. ప్రశ్న నంబర్ వచ్చాక ఇక్కడ పెట్టండి, జవాబు వచ్చిన రోజు కలిసి చదువుదాం.